కాజీపేట నుంచి హేమకుండ్ దాకా: అసలు బ్రహ్మకమలం కోసం పది రోజులు

వానలు మొదలైతే హన్మకొండలో ఏదో ఒక డాబా మీద రాత్రి పదకొండింటికి బ్రహ్మకమలం విచ్చుకుంటుంది. ఇరుగుపొరుగును పిలుస్తారు, పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టుకుంటారు, మర్నాడు జిల్లా పేజీలో ఫొటో వస్తుంది. తెల్లారేసరికి పువ్వు తల వాల్చేస్తుంది. ఆ మొక్క కమలమూ కాదు, హిమాలయాలదీ కాదు. మెక్సికో, మధ్య అమెరికా అడవుల్లో చెట్ల కొమ్మల మీద పెరిగే కాక్టస్ అది. పేరు ఎపిఫిల్లమ్ ఆక్సిపెటాలమ్. మనం ఆకు అనుకునేది దాని కాండమే. అందుకే ఆ ముక్క కోసి కుండీలో గుచ్చితే బతుకుతుంది, దాని అంచునే మొగ్గ తొడుగుతుంది.

ఆ పేరుకు అసలు హక్కుదారు సాసూరియా ఓబ్వల్లాటా. ఇది చామంతి కుటుంబపు మొక్క. మనకు తంగేడు ఎలాగో ఉత్తరాఖండ్‌కు ఇది అలాగ, రాష్ట్ర పుష్పం. పగలే పూసి ఉంటుంది, రోజుల తరబడి నిలుస్తుంది. పన్నెండేళ్ళకోసారి పూస్తుందన్న మాట ఉత్తదే, ఏటా వానాకాలంలో పూస్తుంది. చిక్కల్లా ఉండే ఎత్తుతోనే: సుమారు 3,700 నుంచి 4,600 మీటర్ల మధ్య, చెట్లు కూడా ఆగిపోయిన చోట. తెలంగాణలో అన్నిటికన్నా ఎత్తయిన డోలిగుట్ట 965 మీటర్లే. వరంగల్ 270 దరిదాపుల్లో ఉంటుంది. కాబట్టి ఈ పువ్వు కోసం ఉత్తరాఖండ్ కొండల్లో 4,300 మీటర్ల ఎత్తున సరస్సు, గురుద్వారా ఉన్న హేమకుండ్ దాకా వెళ్ళడమంటే నాలుగు కిలోమీటర్లు నిలువుగా ఎక్కడం. ఆ ఎక్కుడు ఏ రోజు ఎంత అన్నదాని మీదే ఈ పది రోజుల లెక్క నడుస్తుంది.

బయలుదేరే ముందు

తేదీ దగ్గరే సగం మంది పొరబడతారు. హేమకుండ్ పక్కనే ఉన్న పూలలోయ (వ్యాలీ ఆఫ్ ఫ్లవర్స్) గేటు జూన్ 1న తెరుస్తారు, ఎండాకాలం సెలవుల తోక దొరుకుతుంది కదా అని టికెట్లు తీస్తారు. అప్పటికి హేమకుండ్ దారిలో మంచు పూర్తిగా కరగదు, మొక్క ఆకుల దశలోనే ఉంటుంది. జూలై సగం నుంచి పూత మొదలవుతుంది. ఆగస్టు రెండో వారం నుంచి సెప్టెంబరు మొదటి వారం దాకా నిండుగా ఉంటుంది. సెప్టెంబరు చివరికి పొరలు ఎండి గోధుమరంగుకు తిరుగుతాయి.

పంచాంగం లెక్కలో చెప్పాలంటే వినాయక చవితి వెళ్ళిన నాలుగో రోజు, భాద్రపద శుద్ధ అష్టమి, ఉత్తరాఖండ్ కొండసీమ గఢ్వాల్‌లో నందాష్టమి. నందాదేవికి ఈ పూలు అర్పించే రోజు అదే. దానికి మూడు వారాల తర్వాత మనకు ఎంగిలిపూల బతుకమ్మ. చవితి ఆగస్టు చివర్లో వచ్చిన ఏడు యాత్రకు సరిగ్గా కుదురుతుంది. సెప్టెంబరు మధ్యకు జరిగిన ఏడు మాత్రం పంచాంగం పక్కనపెట్టి క్యాలెండరే చూసుకోవాలి.

పూత బాగుండే రోజులే కొండచరియలు విరిగే రోజులు కూడా. దీనికి విరుగుడు లేదు, రెండు రోజులు ఖాళీగా పెట్టుకోవడమే. తిరుగు రైలు టికెట్ బిగించి పెట్టుకున్నవాళ్ళు హేమకుండ్ ఎక్కాల్సిన రోజున వానలో కూర్చుని గడియారం చూస్తుంటారు.

సాధనకు ఎక్కడికో పోనక్కర్లేదు, పద్మాక్షి గుట్ట ఉంది. నాలుగు వారాలపాటు, వారానికి నాలుగు పొద్దులు, వీపున ఐదారు కిలోల సంచితో మెట్లెక్కి దిగాలి. అందరూ ఎక్కడం గురించే బెంగపడతారు గాని మోకాళ్ళు మొరాయించేది దిగేటప్పుడు. కాబట్టి దిగుడును ఎక్కువసార్లు చేయాలి, మడమ కన్నా ముందు పాదం మొత్తం ఆనించడం అలవాటు చేసుకోవాలి. బూట్లు కొత్తవి కొంటే ఈ మెట్ల మీదే అరిగించాలి. కొత్త బూట్లు హేమకుండ్ కింద బస చేసే ఊరైన ఘాంఘరియా దారిలో మొదటిసారి తొడిగినవాళ్ళకు రెండో గంటకల్లా బొబ్బలు లేస్తాయి.

సంచిలో తప్పనిసరివి కొన్నే: మోకాళ్ళ కింది దాకా వచ్చే రెయిన్‌కోటు, సంచికి వేరే కవరు, రెండు జతల ఉన్ని సాక్సులు, ఒక పలచటి ఉన్ని చొక్కా, గాలి ఆపే జాకెట్టు, చేతికర్ర, టార్చి, ఓఆర్‌ఎస్ పొట్లాలు ఆరు. జీన్స్ వద్దు, తడిస్తే బరువెక్కి ఆరనే ఆరదు. ఘాంఘరియాలో ఏటీఎంను నమ్ముకోకుండా నగదు వెంట ఉంచుకోవాలి. తినడానికి సకినాలు, పల్లీపట్టీలు, నాలుగు మలీద ముద్దలు చాలు. బెల్లం, రొట్టె కలిసిన మలీద ఎక్కుడు దారిలో చాక్లెట్ కన్నా బాగా నిలబెడుతుంది. అయితే నెయ్యి తక్కువ వేసి కట్టాలి, చలికి నెయ్యి గడ్డకట్టి ముద్ద రాయిలా తయారవుతుంది. హేమకుండ్ యాత్రికులకు ఉత్తరాఖండ్ పర్యాటక శాఖ ఆన్‌లైన్ నమోదు ఉంటుంది, ఆ కాగితం ముందే తీసిపెట్టుకోవాలి.

మొదటి రోజు: కాజీపేట, రైలు

తెలంగాణ ఎక్స్‌ప్రెస్ పొద్దున కాజీపేటలో ఎక్కితే మర్నాడు పొద్దున న్యూఢిల్లీ. దాదాపు 1,500 కిలోమీటర్లు. స్టేషనుకు వచ్చేటప్పుడు ఒక మూర బంతి, నాలుగు చామంతులు కొని దగ్గర పెట్టుకోండి. దేవుడికి కాదు, చదువుకు. అవసరం ఆరో రోజున తెలుస్తుంది.

బంతిపువ్వును నడిమికి చీల్చండి. రేక అనుకుని లాగిన ప్రతిదాని అడుగున నల్లటి సన్నని పుల్ల ఒకటి వస్తుంది. అదే గింజ కాబోయేది. అంటే ఆ ఒక్కొక్క రేకా ఒక పూర్తి పువ్వు. బంతిపువ్వంటే పువ్వు కాదు, పూల గుంపు. కింద ఉన్న ఆకుపచ్చ గిన్నె ఆ గుంపంతటికీ కలిపి ఒకే తొడుగు. చామంతిలో ఇంకా తేటగా కనిపిస్తుంది: అంచున రేకుల పూలు, మధ్యలో పసుపు దిమ్మెగా గొట్టం పూలు. ఈ కుటుంబంలో అందరిదీ ఇదే పద్ధతి. పొద్దుతిరుగుడు, గుంటగలగర, గడ్డిచామంతి, ఇంకా రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి మీదుగా కిటికీ పక్కన పట్టాల వెంట తెల్లగా కనిపించే వయ్యారిభామ కూడా. కుటుంబం మంచిదైనంత మాత్రాన అందరూ మంచివాళ్ళు కారు.

వీళ్ళలో బ్రహ్మకమలానికి దగ్గరి చుట్టం బంతి కాదు, చామంతి కాదు, యాసంగిలో వేసే కుసుమ. రెండూ తిసిల్ అనే ముళ్ళ మొక్కల తెగలోవి. కుసుమపువ్వును గుర్తుచేసుకోండి: అంచున రేకుల పూలుండవు, అన్నీ గొట్టాలే, కుచ్చులాగా పైకి లేచి ఉంటాయి. బ్రహ్మకమలం లోపలి పూలూ అంతే. రేకుల కోసం వెతికితే దొరకవు. ఇది ముందే తెలియక, పైకి వెళ్ళి "పువ్వు ఇంకా విచ్చుకోలేదు" అని నిరాశపడి దిగివచ్చేవాళ్ళు ఎందరో.

రెండో రోజు: ఢిల్లీ, ఋషీకేశ్

ఢిల్లీలో దిగిన పూటే ఋషీకేశ్ చేరాలి, బస్సులో ఆరేడు గంటలు. ఇక్కడ చూడాల్సినవి చాలానే ఉన్నాయి గాని ఈ యాత్రకు పనికొచ్చేది తొందరగా పడుకోవడం ఒక్కటే. మర్నాటి జీపు తెల్లవారుజామున ఐదింటికి.

మూడో రోజు: ఋషీకేశ్ నుంచి జోషీమఠ్

సుమారు 250 కిలోమీటర్లు, పది గంటలు, వాన పడితే లెక్కలేదు. దారి పొడుగునా అలకనందకు ఎదురు ప్రయాణం. దేవప్రయాగలో భాగీరథి, రుద్రప్రయాగలో మందాకిని, కర్ణప్రయాగలో పిండర్, నందప్రయాగలో నందాకిని వచ్చి కలుస్తాయి. ఐదోదైన విష్ణుప్రయాగ జోషీమఠ్ దాటాక, అక్కడ ధౌళీగంగ. దేవప్రయాగ దగ్గర రెండు నీళ్ళ రంగులు కాసేపు కలవకుండా పక్కపక్కన నడవడం రోడ్డు మీదినుంచే కనిపిస్తుంది.

మలుపులకు కడుపు తిప్పనివాళ్ళు తక్కువ. వాంతుల మాత్ర జీపు ఎక్కడానికి అరగంట ముందు వేసుకోవాలి, తిప్పడం మొదలయ్యాక వేస్తే మాత్ర కూడా బయటికే. ముందు సీటు గాని, మధ్య వరుస కిటికీ గాని అడగండి. వెనక ఎదురుబొదురు సీట్లు వద్దే వద్దు. పొద్దున పూరీ, పరాఠా మానేసి అరటిపండ్లతో గడపండి.

మధ్యాహ్నం తర్వాత రోడ్డు మూసుకునే అవకాశం పెరుగుతుంది. చరియ పడ్డాక జేసీబీ వచ్చి తీసేదాకా ఒక గంట కావచ్చు, ఒక పూట కావచ్చు. బండి దిగి ఫొటోల కోసం ఆ వాలు కిందికి వెళ్ళకూడదు. మొదట పడ్డ మట్టి కన్నా దాని వెనక వదులైన రాళ్ళే ప్రమాదం.

రాత్రి గోవింద్‌ఘాట్‌లో కాక జోషీమఠ్‌లోనే ఆగడం మంచిది. ఎత్తు దాదాపు 1,890 మీటర్లు, మంచి గదులు, మందుల షాపులు ఉంటాయి. ఇప్పుడు అధికారికంగా జ్యోతిర్మఠ్ అంటున్నారు. 2023 జనవరిలో నేల కుంగి ఇళ్ళకు పగుళ్ళు వచ్చిన ఊరు ఇదే. ఎత్తు ఒంటికి పడక వచ్చే తలనొప్పి, వాంతులకు ముందుగా వేసుకునే ఎసిటజోలమైడ్ మాత్రలు వాడదలచుకుంటే వరంగల్‌లోనే డాక్టరును అడిగి తెచ్చుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ మాట ముందే చెప్పాలి. ఇక్కడికి వచ్చాక పక్కవాళ్ళ పట్టీలోంచి తీసుకుని మింగడం తప్పు.

నాలుగో రోజు: పుల్నా, ఘాంఘరియా

జోషీమఠ్ నుంచి గోవింద్‌ఘాట్ 20 కిలోమీటర్లు. అక్కడి నుంచి పుల్నా దాకా నాలుగు కిలోమీటర్లు షేర్ జీపు. పుల్నా నుంచి ఘాంఘరియా తొమ్మిది, పది కిలోమీటర్ల నడక. గోవింద్‌ఘాట్ ఎత్తు 1,800 మీటర్ల చిల్లర, ఘాంఘరియా 3,050. గుర్రాలున్నాయి, మబ్బు లేని రోజు హెలికాప్టరూ ఉంటుంది. కాళ్ళు బాగున్నవాళ్ళు నడవడమే మేలు. నడిచినవాడి ఒంటికి ఎత్తు మెల్లగా అలవాటవుతుంది, హెలికాప్టర్‌లో కొద్ది నిమిషాల్లో దిగినవాడికి ఆ రాత్రి తలనొప్పి. గోవింద్‌ఘాట్ నుంచి హేమకుండ్ దాకా 12.4 కిలోమీటర్ల రోప్‌వేకు 2025 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదం ఇచ్చింది. అది వచ్చాక 1,800 నుంచి 4,300కు ఒకే పూటలో వెళ్ళేవాళ్ళు ఎక్కువవుతారు. మోకాళ్ళు కాపాడుకోవచ్చు గాని ఊపిరితిత్తులకు అది మంచి కబురు కాదు.

దారి రాళ్ళు పరిచినదే. భ్యుందార్ దగ్గర వంతెన దాటుతాం. 2013 జూన్ వరదలకు ఈ లోయ దారి బాగా దెబ్బతింది, నది వెడల్పు చూస్తే ఇప్పటికీ అర్థమవుతుంది. వంతెన తర్వాత మిగిలిన రెండు మూడు కిలోమీటర్లు నిటారు. అలవాటు ప్రకారం మొదట్లో ఉరికినవాళ్ళు ఇక్కడే చతికిలబడతారు. మాట్లాడుతూ నడవగలిగినంత వేగమే సరైన వేగం. మాట తెగుతోందంటే అడుగు తగ్గించాలి. గుర్రం ఎదురైతే కొండవైపు ఒరిగి నిలబడాలి, లోయవైపు కాదు. మూట తగిలితే అది ఆగదు.

సాయంత్రం ఘాంఘరియాలో చలి మొదలవుతుంది. తినడానికి రాజ్మా అన్నం దొరుకుతుంది, అది చాలు. ఇక్కడ పచ్చడి సీసా తెరిస్తే పక్క టేబుళ్ళ నుంచి చూపులు వస్తాయి, కాస్త ఎక్కువే తెచ్చుకోండి. ఆక్సీమీటర్ పెట్టుకున్నవాళ్ళకు 90 చుట్టూ అంకె కనిపించి గుండె జారుతుంది. ఈ ఎత్తులో అది మామూలే. అంకె కన్నా లక్షణాలు చూడాలి: తగ్గని తలనొప్పి, వాంతి, తూలుడు ఉంటే పైకి కదలొద్దు, తూలుడు ఉంటే ఆ పూటే కిందికి.

ఐదో రోజు: పూలలోయ, బ్రహ్మకమలం లేని రోజు

పేరు చూసి అందరూ బ్రహ్మకమలం ఇక్కడే ఉంటుందనుకుంటారు. లోయలో నడిచే దారి 3,200 నుంచి 3,600 మీటర్ల మధ్యలో ఉంటుంది. ఈ మొక్కకు అది చాలని ఎత్తు. ఇరువైపులా గోడల్లా లేచిన వాలుల పైన ఎక్కడో ఉంటుంది గాని అక్కడికి దారి లేదు, వెళ్ళనివ్వరు. అయినా ఈ రోజు వృథా కాదు. ఒక పూట 3,500 దాకా వెళ్ళి మళ్ళీ 3,050కి దిగి పడుకోవడమే మర్నాటి 4,300కి ఒంటిని సిద్ధం చేస్తుంది. వరస తిప్పి ముందు హేమకుండ్, తర్వాత లోయ చూద్దామనుకున్నవాళ్ళు మొదటి రోజే తల పట్టుకుని లోయను గదిలోంచి చూస్తారు.

గేటు పొద్దున ఏడింటికి. రాత్రి ఉండనివ్వరు, సాయంత్రం ఐదులోగా బయటికి రావాలి. 87.5 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానం ఇది, 1982లో ప్రకటించారు, 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. 1931లో కామెట్ శిఖరం ఎక్కి దిగుతూ ఫ్రాంక్ స్మైత్ బృందం ఈ లోయలోకి రావడంతో బయటి ప్రపంచానికి దీని పేరు తెలిసింది. 1939లో మొక్కల సేకరణకు వచ్చి ఇక్కడే చనిపోయిన జోన్ మార్గరెట్ లెగ్ సమాధి లోయ నడుమ ఉంది.

చామంతి కుటుంబానికి ఇది మంచి అభ్యాసం. తెల్లటి కాగితపు పూసల్లాంటి గుత్తులు అనాఫాలిస్, ముట్టుకుంటే గలగలమంటాయి. పొడుగు కాడకు పసుపు పూల వరసలు లిగులేరియా. ఊదా అంచు, పసుపు నడుమ ఉన్నవి ఆస్టర్లు, మన చామంతికి చెల్లెళ్ళలా ఉంటాయి. వీటి దగ్గర నిన్నమొన్నటి బంతిపూల పాఠం గుర్తుచేసుకుంటూ రేకుల పూలు, గొట్టం పూలు విడదీసి చూడండి, కోయకుండా. గులాబీ రంగు బాల్సమ్‌లు మన గోరింటపూల వంశం, చామంతి కుటుంబంతో సంబంధం లేదు. మనిషెత్తు పెరిగి తెల్లటి పూల కుచ్చులతో మిగతావాటిని కప్పేస్తున్న గుబురు మొక్కను స్థానికులు అమేలా అంటారు. దాన్ని ఏటా పీకిస్తుంటారు, మన చేలల్లో వయ్యారిభామను పీకినట్టే, అంతే మొండిది.

మూడింటికల్లా ఘాంఘరియాకు దిగి, కాళ్ళు వేడినీళ్ళలో పెట్టి, ఏడింటికి తిని పడుకోవాలి.

ఆరో రోజు: హేమకుండ్

తెల్లవారుజామున ఐదింటికి నడక మొదలు. ఆరు కిలోమీటర్లే, కాని 1,280 మీటర్ల ఎక్కుడు. చదును అన్నది లేదు. ఆలస్యమైతే రెండు నష్టాలు: పదకొండు తర్వాత మబ్బు కిందికి దిగి ఏమీ కనిపించదు, మధ్యాహ్నం రెండు తర్వాత పైన ఉండనివ్వరు. రాత్రి బస అక్కడ లేదు. నాలుగున్నర నుంచి ఐదు గంటల్లో ఎక్కేలా అడుగు కుదుర్చుకోండి. 20 నిమిషాలు నడక, రెండు నిమిషాలు నిలబడే విశ్రాంతి. కూర్చుంటే చెమట చల్లబడి వణుకు పుడుతుంది. మొదటి గంటలో జాకెట్టు విప్పేయాలి, ఆగిన ప్రతిసారీ వేసుకోవాలి. రెండు లీటర్ల నీళ్ళు, అందులో ఒక లీటరుకు ఓఆర్‌ఎస్.

మొదటి రెండు కిలోమీటర్లలో చెట్లు వెనకబడతాయి, తర్వాత గడ్డి వాలులు. రాళ్ళ సందుల్లో ముళ్ళ కాడతో నీలి గసగసాల పువ్వు కనిపిస్తే ఎత్తు సరిగ్గా వస్తోందని లెక్క. వాన చినుకు తగిలితే దాని రేకులు రాలిపోతాయి, కాబట్టి చూడగానే చూసెయ్యాలి.

దాదాపు 4,000 మీటర్ల దగ్గర దారి రెండవుతుంది. ఒకటి గుర్రాల దారి, చుట్టూ తిరిగి వెళ్తుంది. ఇంకోటి వెయ్యికి పైగా మెట్ల అడ్డదారి. ఎక్కేటప్పుడు గుర్రాల దారి, దిగేటప్పుడు కూడా అదే అని మా సలహా. మెట్లు ఎత్తు ఎక్కువ, తడిస్తే జారుతాయి. బ్రహ్మకమలం ఇక్కడి నుంచే మొదలు. దారికి చెయ్యందే దూరంలో తక్కువ, కారణం చెప్పక్కర్లేదు. తలెత్తి, రాళ్ళు దొర్లిన వాలు మీద పెద్ద బండ కింద చూడండి. లేత పసుపు కలిసిన ఆకుపచ్చ దొప్పలు, దూరం నుంచి ఎవరో చిన్న చిన్న కాగితపు లాంతర్లు పెట్టి వెళ్ళినట్టు. ఒకటి దొరికితే పక్కన ఇంకో అయిదారు ఉంటాయి.

దారి వదలకుండా దగ్గరగా చూడగలిగే మొక్కలు సరస్సు ఒడ్డున, లోక్‌పాల్ లక్ష్మణ మందిరం వెనక రాళ్ళలో దొరుకుతాయి. అక్కడ మోకాళ్ళ మీద కూర్చోండి. మొక్క జానెడు నుంచి మూరెడు లోపు. అడుగున పొడవాటి ఆకులు, అంచున సన్నటి పళ్ళు. కాండం మొదట్లో పాత ఆకుల ఎండు తొడిమలు నల్లటి పీచులా చుట్టుకుని ఉంటాయి, చలికి అది దుప్పటి. కాండం పైకి వెళ్ళేకొద్దీ ఆకులు రంగు మారి పలచబడి పడవల్లా వంగుతాయి. పై నాలుగైదు ఒకదాని మీద ఒకటి మూసుకుని దొప్పగా నిలుస్తాయి. అందరూ రేకులనుకునేవి ఇవే, నిజానికి ఆకులు. చేత్తో తాకితే తడి కాగితంలా ఉంటాయి, నరాల వల తేటగా కనిపిస్తుంది, వెనక వేలు పెడితే నీడ తెలుస్తుంది.

పైన సందులోంచి లోపలికి చూడాలి. అక్కడ ముదురు ఊదా రంగు బొడిపెలు ఒకదానికొకటి ఆనుకుని అర డజను, అంతకు ఎక్కువ. ప్రతి బొడిపె ఒక బంతిపువ్వు లెక్క, అంటే పూల గుంపు. నల్లంచు పొలుసుల గిన్నెలోంచి ఊదా గొట్టాలు కుచ్చుగా లేస్తాయి, కుసుమ లాగే. వాసన మన ఊహలోని కమలానిది కాదు. ఘాటుగా, కస్తూరి కలిసిన పచ్చి మూలికలాగా, కొందరికి తల తిప్పుతుంది.

ఆ దొప్ప ఎందుకన్నది అక్కడి చలిలో నిలబడితే తెలుస్తుంది. ప్రతి వెయ్యి మీటర్లకూ సుమారు ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందనుకుంటే, వరంగల్‌లో 30 ఉన్న పూట ఇక్కడ నాలుగు. గాలి ఒత్తిడి సముద్ర మట్టంతో పోలిస్తే 60 శాతం. ఎండలో అతినీలలోహిత కిరణాలు ఎక్కువ, గంటకోసారి వాన. పలచటి పొరలోంచి వెలుగు లోపలికి వెళ్తుంది, లోపలి వెచ్చదనం గాలికి కొట్టుకుపోదు, పుప్పొడి తడవదు. నర్సరీవాళ్ళు పాలిథిన్ షీట్ కింద నారు పెంచినట్టే. తుమ్మెదలు పై సందులోంచి దూరి బయటికి వస్తాయి. కాసేపు కదలకుండా కూర్చుంటే ఒకటైనా కనిపిస్తుంది.

ఫొటోకు పువ్వును పైనుంచి కాదు, సూర్యుడికి ఎదురుగా పక్కనుంచి తీయండి, దొప్ప వెలుగుతుంది. గదిలోంచి తీసిన కెమెరా లెన్సుకు ఆవిరి పడితే తుడిచేకొద్దీ మరకలవుతుంది, పది నిమిషాలు బయట ఉంచితే అదే పోతుంది. మోకాలు పెట్టే ముందు కింద చూడాలి. ఆ పక్కనే వచ్చే ఏటి మొక్క, ఆకుల కట్టగా నేలకు అంటుకుని ఉంటుంది.

కోయడం సంగతి. జాతీయ ఉద్యానంలో కోస్తే నేరం. చట్టం సంగతి పక్కనపెట్టినా లెక్క సూటిది. గింజ సెప్టెంబరు, అక్టోబరులో పండుతుంది, ఈకల్లాంటి కుచ్చుతో గాలికి ఎగురుతుంది. ఆగస్టులో కాడ తెంపితే ఆ మొక్క ఆ ఏటి గింజ మొత్తం పోయినట్టే. బతుకమ్మకు గునుగు, తంగేడు కోస్తే మళ్ళీ వానకు చెలకంతా నిండుతుంది. ఇక్కడ మొక్కకు ఏడాదిలో దొరికే వెచ్చటి కాలమే మూడు నాలుగు నెలలు. అక్కడి ఊళ్ళవాళ్ళు పూర్వం నందాష్టమికి ముందు పూలు కోసేవారు కారు, కోసేటప్పుడు చెప్పులు విప్పేవారు. మంచి కట్టుబాటు అది.

సరస్సు చుట్టూ ఏడు శిఖరాలు, మబ్బు లేకపోతే నీళ్ళలో కనిపిస్తాయి. గురుద్వారాలో వేడి ఖిచిడీ, టీ పెడతారు. తల కప్పుకుని, బూట్లు విప్పి వెళ్ళాలి. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు: వెచ్చగా ఉంది కదా అని గంట కూర్చుని, లేవగానే తల తిరుగుతుంది. ఆక్సీమీటర్ 85 దరిదాపుల్లో ఉంటే కంగారు వద్దు, కాని తలనొప్పి పెరుగుతుంటే టీ వదిలేసి దిగడమే మందు. ఇంకా ఎత్తులో, దూదిబంతిలా తెల్లటి నూగు కప్పుకుని ఉండే ఫేన్ కమల్ కూడా ఈ సాసూరియా ప్రజాతిదే. దాన్ని వెతుకుతూ రాళ్ళ మీదికి ఎక్కవద్దు, ఆ రాళ్ళు కదులుతాయి. అదే ప్రజాతిలో ఇంకో మొక్క మనకు ఏనాడో పరిచయం: మూలికల దుకాణంలో దొరికే చెంగల్వకోష్టు. ఆ వేరు కోసం తవ్వి తవ్వి అడవిలో అరుదు చేశారు, ఇప్పుడది అంతర్జాతీయ వ్యాపార నిషేధపు మొదటి జాబితాలో ఉంది.

ఏడో రోజు, ఆ తర్వాత

ఏడో రోజు ఖాళీగా పెట్టుకున్నది. ఆరో రోజు వాన కురిసి ఉంటే ఈ రోజు హేమకుండ్. లేకపోతే పుల్నాకు దిగి, గోవింద్‌ఘాట్ నుంచి 25 కిలోమీటర్ల బద్రీనాథ్. దిగుడులో బొటనవేళ్ళు బూటు ముందుకు కొట్టుకుని గోళ్ళు నల్లబడతాయి. ముందు రోజు రాత్రే గోళ్ళు కత్తిరించి, లేసు చీలమండ దగ్గర బిగించాలి. ఎనిమిదో రోజు ఋషీకేశ్, తొమ్మిదో రోజు ఢిల్లీ, పదోది రైలులో. చరియలు ఒక రోజు తింటే ఈ పదికి పైన పెట్టుకున్న ఆ రెండో ఖాళీ రోజు అక్కరకొస్తుంది.

దారిలో, ఆన్‌లైన్‌లో "బ్రహ్మకమలం విత్తనాలు" అమ్మేవాళ్ళు కనిపిస్తారు. కొనొద్దు. ఆ పొట్లంలో ఏ గింజ ఉందో తేలేది మొలిచాకే. ఒకవేళ నిజంగా అదే అయినా మే నెలలో 44 డిగ్రీలు చూసే హన్మకొండ డాబా మీద అది బతకదు. మంచు కింద నిద్రపోవడానికి అలవాటుపడ్డ మొక్కకు ఏసీ గది కూడా ఎండాకాలమే. కుండీలో పెంచుకోవాలంటే ఆ మెక్సికో కాక్టస్సే సరి, ముక్క ఎవరింట్లో అడిగినా ఇస్తారు.

గుడిలో ప్రసాదంగా ఒక ఎండు పువ్వు చేతిలో పెడితే కాదనకుండా తీసుకోవచ్చు. దాన్ని పాలిథిన్ సంచిలో చుట్టొద్దు. లోపలి బొడిపెలు పైకి ఎండినట్టు కనిపిస్తాయి గాని నడుమ తడి ఉంటుంది, నాగపూర్ దాటేసరికి బూజు పట్టి కంపు కొడుతుంది. దొప్ప నలగకుండా పాత తెలుగు పేపర్ రెండు పొరలు చుట్టి, టిఫిన్ డబ్బాలో మూత వదులుగా పెట్టి, పై బెర్తు మీద పెట్టుకుంటే కాజీపేటలో దిగేసరికి రంగు పోయినా రూపం నిలుస్తుంది, డబ్బా మాత్రం రెండు నెలలు కస్తూరి వాసనే.